జీతం లేని తెరచాప

తెరచాప కూడు పెట్టినంతకాలం దాని కోసం ఎవరూ ఉద్యోగం మానలేదు. ఓడ నడపడమే అప్పుడు ఉద్యోగం. గాలికి ఎదురీదడం, తాళ్లు లాగి లాగి చేతులు పగలడం, నెలల తరబడి ఇంటి మొహం చూడకపోవడం, ఇవన్నీ నాలుగు డబ్బుల కోసం ఓర్చుకునే కష్టాలు. ఆవిరి ఓడలు వచ్చి తెరచాపకి జీతం లేకుండా చేశాకే, జీతాలున్న వాళ్లు వాటిని వదులుకుని దాని దగ్గరికి పోవడం మొదలుపెట్టారు. ముప్పై ఏళ్లు హైస్కూల్లో సోషల్ పాఠాలు చెప్పినవాణ్ణి. ఆవిరి యంత్రం గురించి ఎన్నోసార్లు చెప్పాను గానీ, అది పుట్టించిన ఈ విచిత్రమైన వలస గురించి ఏ పాఠ్యపుస్తకంలోనూ లేదు.

మాది తాళ్లరేవు. పక్కనే కోరంగి. ఈనాడు మడ అడవులు చూడ్డానికి వచ్చేవాళ్లకి అది వట్టి పల్లెటూరు. పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో, కలకత్తాకీ ట్రింకోమలీకీ మధ్య ఉన్న ఇంత పొడుగు తీరంలో పెద్ద ఓడని డాకులోకి తీసుకుని అడుగు బాగుచెయ్యగలిగిన రేవు అదొక్కటే. 1789 డిసెంబరులో ఒకసారి, 1839 నవంబరులో మరోసారి ఉప్పెనలు వచ్చి ఊరిని ఊడ్చేశాయి. ఉప్పెనల తరవాత మిగిలినదాన్ని గోదావరి మేట వేసి పూడ్చింది. రేవు కాకినాడకి తరలింది. అక్కణ్ణించి రంగూన్‌కి బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ ఆవిరి ఓడలు నడిచాయి. ఈ జిల్లాల నుంచి కూలీలు వేలకి వేలు వాటిలోనే బర్మా వెళ్లారు. అక్కడ తెలుగు కూలీ ఎవరైనా సరే, ఏ ఊరివాడైనా సరే, కోరంగీ అనేవారు. ఓడలు పోయినా ఆ పేరు మాత్రం పరాయి దేశంలో కూలివాళ్ల నెత్తిన ఉండిపోయింది.

మా తాతయ్య తండేలు. బియ్యం, ఉప్పు, పెంకులు వేసుకుని తీరం వెంబడి తెరచాప ఓడ నడిపినవాడు. ఆ సరుకు కూడా రైలెక్కడం మొదలయ్యాక కాకినాడ రేవులో, దూరంగా లంగరు వేసుకున్న పెద్ద ఓడల దగ్గరికి సరుకు చేరవేసే పడవ మీద సరంగుగా చేరాడు. పొద్దున వెళ్లి రాత్రికి ఇల్లు చేరే పని. మామ్మకి అంతకన్నా వరం లేదు. ఓడ వెళ్లిన రోజు నుంచి తిరిగొచ్చే రోజు దాకా తలకి నూనె రాసుకోని ఆడది ఆవిడ. మా నాన్న బడిపంతులయ్యాడు, నేనూ అయ్యాను. మా వంశంలో ఎదుగుదల అంటే తెరచాపకి దూరంగా జరగడమే. అందుకే, ఒకటో తారీఖు జీతం వచ్చే ఉద్యోగాన్ని వదిలి సముద్రం మీదికి వెళ్లిన వాళ్ల గురించి మొదటిసారి చదివినప్పుడు నాకు మామ్మే గుర్తొచ్చింది. వాళ్ల మీద ఆరాధన ఎంత పెరిగినా ఆవిడ మాత్రం నన్ను వదల్లేదు.

ఈ కథకి మొదటి మనిషి జాషువా స్లోకం. 1844లో కెనడాలోని నోవా స్కోషియాలో పుట్టాడు. తండ్రి దగ్గర తోలుబూట్లు కుట్టే పని నచ్చక చిన్నతనంలోనే ఓడెక్కాడు. కలాసీగా మొదలై కెప్టెన్ దాకా ఎదిగాడు. భార్య వర్జీనియా ఆయనతో పాటు ఓడల మీదే కాపురం చేసింది, పిల్లల్ని అక్కడే పెంచింది, 1884లో బ్యూనస్ ఐరిస్ రేవులో పోయింది. తరవాత మూడేళ్లకి ఆయన సొంత ఓడ ఆక్విడ్నెక్ బ్రెజిల్ తీరంలో ఇసుకతిప్పకి తగిలి ముక్కలైంది. బీమా లేదు. రెండో భార్య హెట్టీ, ఇద్దరు కొడుకులు వెంట ఉన్నారు. ఆయన విరిగిన ఓడ చెక్కలూ, అక్కడ దొరికిన కలపా పోగుచేసి ముప్పై అయిదు అడుగుల పడవ కట్టాడు. బ్రెజిల్‌లో బానిసత్వం రద్దయిన రోజునే, 1888 మే 13న, అది నీళ్లలోకి దిగింది. అందుకని దానికి లిబర్దాదే, అంటే స్వేచ్ఛ, అని పేరు పెట్టి కుటుంబాన్ని అమెరికాకి చేర్చాడు. ఆ ప్రయాణం తరవాత హెట్టీ ఇక సముద్రం జోలికి రానంది. ఆవిడని తప్పుపట్టడానికి నాకు నోరు రాదు.

అమెరికా చేరిన కెప్టెన్‌కి పని లేదు. గొప్ప గొప్ప తెరచాప ఓడల స్తంభాలు నరికేసి, వాటిని బొగ్గు మోసే బల్లకట్లుగా మార్చి, ఆవిరి పడవలతో ఈడ్పిస్తున్న కాలం అది. ఓడలు కట్టే యార్డులో వడ్రంగం చేద్దామన్నా సంఘంలో చేరడానికి ముందు యాభై డాలర్లు కట్టమన్నారు. నలభై ఎనిమిదేళ్ల మనిషి, పాతికేళ్ల అనుభవం, చేతిలో ఏమీ లేదు. 1892లో ఈబెన్ పియర్స్ అనే పాత తిమింగిలాల వేట కెప్టెన్, మసాచుసెట్స్‌లోని ఫెయిర్‌హేవెన్‌లో తన ఓడ ఒకటుంది, ఇస్తాను రమ్మన్నాడు. వెళ్లి చూస్తే ఊరి చివర పచ్చికబీడులో, నీటికి దూరంగా, గుడ్డ కప్పి ఉన్న ముసలి పడవ. ఆల్చిప్పలు పట్టడానికి ఒకప్పుడు వాడినది. పేరు స్ప్రే.

స్లోకం దగ్గర్లోని ఓక్ చెట్టుని గొడ్డలితో కొట్టి కొత్త వెన్నుదూలం చెక్కాడు. పక్కటెముకలు ఆవిరి పట్టి వంచాడు. ఒక్కో పాత చెక్క తీసి ఒక్కో కొత్త చెక్క వేస్తూ పోయాడు. ఊళ్లోని ముసలి కెప్టెన్లు వచ్చి కూర్చుని చూసేవారట. పదమూడు నెలలు పట్టింది, 553 డాలర్ల 62 సెంట్లు ఖర్చయింది. ఆ 62 సెంట్లు కూడా రాసిపెట్టిన మనిషంటే నాకు ప్రాణం. లెక్క తెలిసినవాడు, ఆవేశంలో సముద్రంలోకి దూకినవాడు కాడు. ఒక సీజను చేపలు పట్టి చూశాడు, లాభం లేకపోయింది. 1895 ఏప్రిల్ 24న బోస్టన్ నుంచి ఒంటరిగా బయల్దేరాడు. అప్పటికి ఆయనకి 51.

రేఖాంశం లెక్కకట్టడానికి ఓడ కెప్టెన్లు వాడే ఖరీదైన క్రోనోమీటర్ ఆయన దగ్గర లేదు. దారిలో ఒక రేకు గడియారం కొన్నాడు. ముఖం పగిలి ఉందని దుకాణదారు డాలరున్నర నుంచి డాలరుకి దింపాడు. దానితోనే, చంద్రుడి దూరం కొలిచే పాత లెక్కలతోనే భూమిని చుట్టాడు. దక్షిణ అమెరికా కొసన రాత్రుళ్లు పడవ మీదికి ఎవరూ ఎక్కకుండా బల్లల మీద తివాచీ మేకులు మొన పైకి పెట్టి పరిచి నిద్రపోయాడు. ఆస్ట్రేలియా పైన థర్స్‌డే దీవి నుంచి కీలింగ్ దీవుల దాకా 2,700 మైళ్లు 23 రోజుల్లో వెళితే, చుక్కాని పట్టుకుని కూర్చున్నది మొత్తం మీద మూడు గంటలేనట. తెరచాపలు అంత సమంగా అమర్చి చుక్కాని కట్టేస్తే పడవే దారి పట్టుకునేది. మా తాతయ్య వింటే మెచ్చుకునేవాడు.

డబ్బు మాట కూడా చెప్పాలి, ఎందుకంటే సముద్ర కథలు రాసేవాళ్లు దాన్ని దాటేస్తారు. మెల్‌బోర్న్ రేవులో ఆయన్ని పన్ను కట్టమన్నారు. ఆయన పడవ చూడవచ్చిన జనం దగ్గర మనిషికి ఆరు పెన్నీలు వసూలు చేసి కట్టాడు. జనం తగ్గితే ఒక షార్కు చేపని పట్టి దాన్నీ చూపించాడు. ఊరూరా హాలు అద్దెకి తీసుకుని ఉపన్యాసాలిచ్చాడు. 1898 జూన్ 27న న్యూపోర్ట్ చేరేసరికి 46,000 మైళ్లు దాటాడు. ఒంటరిగా తెరచాప మీద ప్రపంచాన్ని చుట్టిన మొదటి మనిషి. 1900లో పుస్తకం వచ్చింది, ఇప్పటికీ ముద్రణలో ఉంది. కొన్నేళ్లకి అదే స్ప్రే మీద దక్షిణానికి బయల్దేరి మళ్లీ కనిపించలేదు. 1924లో కోర్టు ఆయన చనిపోయినట్టు తేల్చింది.

నిజానికి స్లోకం ఉద్యోగాన్ని వదల్లేదు, ఉద్యోగమే ఆయన్ని వదిలేసింది. కానీ ఆ పుస్తకం చదివిన వాళ్లకి అది ఇంకో రకంగా వినిపించింది. చేతిలో ఉన్నది వదిలి రావచ్చు, ఒక్కడే వెళ్లవచ్చు, పాత పడవ చాలు, పగిలిన గడియారం చాలు అని. వాళ్లకి బతుకుతెరువు పోలేదు. బతుకుతెరువే ఊపిరాడనివ్వలేదు.

అయొవా రాష్ట్రంలో పొలాల మధ్య పెరిగిన హ్యారీ పిజన్ ఒకడు. ఫొటోగ్రాఫరు. లాస్ ఏంజెలస్ రేవు ఒడ్డున సొంత చేతులతో 34 అడుగుల ఐలాండర్ కట్టుకుని 1921లో వెళ్లి 1925లో తిరిగొచ్చాడు. ఒంటరిగా చుట్టినవాళ్లలో రెండోవాడు. ఫ్రాన్స్‌లో అలాఁ జెర్బో ఇంకొకడు. ఇంజనీరు, పేరున్న టెన్నిస్ ఆటగాడు, మొదటి ప్రపంచ యుద్ధంలో విమానం నడిపినవాడు. యుద్ధం ముగిశాక డ్రాయింగు బల్ల ముందు మళ్లీ కూర్చోలేకపోయాడు. 1923లో ఫైర్‌క్రెస్ట్ అనే పాత పడవ మీద జిబ్రాల్టర్ నుంచి న్యూయార్క్‌కి 101 రోజుల్లో చేరాడు. 1929లో ప్రపంచం చుట్టి ఫ్రాన్స్‌కి తిరిగొస్తే దేశమంతా నీరాజనం పట్టింది. ఆయన మాత్రం పాలినీషియా దీవులకి వెళ్లిపోయి, 1941లో తిమోర్‌లో ఒంటరిగా పోయాడు.

ఈ వరసలో నన్ను అందరికన్నా ఎక్కువగా పట్టుకున్నవాడు బెర్నార్ మ్వాతెసియే. 1925లో హనోయ్‌లో పుట్టిన ఫ్రెంచి కుర్రాడు, పెరిగింది సైగాన్‌లో. తండ్రిది వ్యాపారం. వీడికి మాత్రం సెలవులొస్తే సియాం సింధుశాఖ ఒడ్డున జాలరి పల్లె. ఓడ నడపడం బడిలో నేర్చుకోలేదు, వియత్నాం జాలర్ల దగ్గర, మన బెస్తల పిల్లలు నేర్చుకునే పద్ధతిలోనే నేర్చుకున్నాడు. యుద్ధాలతో ఆ దేశం అట్టుడుకుతుంటే 1952లో మరీ తెరెజ్ అనే పాత జంకు ఓడ మీద బయటపడ్డాడు. హిందూ మహాసముద్రంలో, తానెక్కడున్నదీ లెక్క తేలక, డీగో గార్సియా పగడపు దిబ్బకి గుద్దుకున్నాడు. మారిషస్‌లో చేతికందిన పనల్లా చేసి మూడేళ్లలో ఇంకో పడవ కట్టాడు. దాన్నీ 1958లో కరీబియన్ సముద్రంలో, నిద్ర ముంచుకొచ్చిన వేళ పోగొట్టుకున్నాడు.

రెండు పడవలు పోయిన మనిషి ఫ్రాన్స్ వెళ్లి ఏం చేశాడంటే మెడికల్ రిప్రజెంటేటివ్‌గా చేరాడు. బ్యాగు పట్టుకుని డాక్టర్ల గుమ్మాల ముందు నిలబడే ఉద్యోగం. మా ఊరి కుర్రాళ్లలో ఎంతమంది కాకినాడ, రాజమండ్రి వీధుల్లో మోటారు సైకిళ్ల మీద ఆ ఉద్యోగం చేస్తున్నారో నాకు తెలుసు గనక, ఆ సంగతి దగ్గర ఆయన నాకు ఒక్కసారి మనవాడైపోయాడు. రాత్రుళ్లు తన రెండు ఓడల కథ రాశాడు. అచ్చయింది, జనం చదివారు. చదివినవాళ్లలో ఒకడు సముద్రానికి ఎంతో దూరంలో, షొఫై అనే ఊళ్లో ఉక్కు పని చేయించే జాఁ ఫ్రికో. ఉక్కు ఖరీదు ఇచ్చుకో, పడవ నేను కట్టిస్తానన్నాడు. అలా 39 అడుగుల ఉక్కు పడవ తయారైంది. స్తంభాలుగా టెలిఫోను స్తంభాలు నిలబెట్టాడు. పడవకి స్లోకం పేరే పెట్టుకున్నాడు, జాషువా అని.

1968లో లండన్ సండే టైమ్స్ పత్రిక ఎక్కడా ఆగకుండా, ఒంటరిగా ప్రపంచం చుట్టే పందెం పెట్టింది. ముందు వచ్చినవాడికి బంగారు గోళం, తక్కువ రోజుల్లో వచ్చినవాడికి 5,000 పౌన్లు. తొమ్మిదిమంది బయల్దేరారు. మ్వాతెసియే ఆగస్టు 22న ప్లిమత్ వదిలాడు. ఆఫ్రికా కొస దాటాడు, ఆస్ట్రేలియా కింద నుంచి వెళ్లాడు, కేప్ హార్న్ దాటాడు. ఇక ఉత్తరానికి తిరిగితే ఇల్లు, డబ్బు, పేరు. అతను తిరగలేదు. 1969 మార్చిలో కేప్‌టౌన్ దగ్గర వెళుతున్న ఓడ మీదికి, చిన్ననాటి అలవాటుగా చేతిలో ఉండే పంగలకర్రతో ఉత్తరం విసిరాడు. పందెం మానేస్తున్నాననీ, సముద్రంలో సుఖంగా ఉన్నాననీ, పసిఫిక్ దీవులకి వెళుతున్నాననీ. జూన్ 21న తాహితీలో లంగరు వేసేసరికి పది నెలల్లో 37,455 మైళ్లు. తరవాత అహే అనే పగడపు దీవిలో కొబ్బరి మొక్కలు నాటుతూ కొన్నేళ్లు ఉన్నాడు.

ఆ ఉత్తరాన్ని ప్రపంచం పూజించింది. నేనూ పూజించాను. కానీ ఫ్రాన్స్‌లో భార్య ఫ్రాన్స్వాజ్, ఆవిడ ముగ్గురు పిల్లలు ఎదురుచూస్తున్నారు. కేప్ హార్న్ దారిన అంతకుముందు అతనితో కలిసి తాహితీ నుంచి స్పెయిన్ దాకా 126 రోజులు ఆగకుండా ప్రయాణం చేసిన భార్య ఆవిడ. సముద్రం అంటే ఏంటో తెలియనిది కాదు. విడుదల పొందినవాడి పుస్తకం మనకి దొరికింది. ఎదురుచూసినవాళ్ల పుస్తకాలు తక్కువ.

ఆ పందేనికే ఇంకో కొస డొనాల్డ్ క్రోహర్స్ట్. ఎలక్ట్రానిక్ పరికరాల చిన్న వ్యాపారి, నలుగురు పిల్లల తండ్రి. వ్యాపారం దెబ్బతింటున్న రోజుల్లో, పందెం మధ్యలో మానేస్తే పడవ ఖరీదు తానే చెల్లించాలనే షరతు మీద సంతకం పెట్టి, అక్టోబరు 31న, పూర్తిగా సిద్ధం కాని పడవ మీద బయల్దేరాడు. దక్షిణ సముద్రాలకి ఆ పడవ ఆగదని తెలిసింది. తిరిగొస్తే ఇల్లు పోతుంది, ముందుకెళితే ప్రాణం పోతుంది. అట్లాంటిక్‌లోనే తిరుగుతూ రేడియోలో దొంగ స్థానాలు చెప్పాడు. 1969 జులై 10న పడవ దొరికింది, మనిషి లేడు. జీతం వదిలి సముద్రం మీదికి పోదామని కలగనే కుర్రాళ్లకి నేను మ్వాతెసియే కథతో పాటు ఇదీ చెబుతాను. అప్పు నెత్తిన పెట్టుకుని వెళ్లేవాడికి సముద్రం మీద కూడా విడుదల ఉండదు.

పందెం పూర్తిచేసింది ఒక్కడే, రాబిన్ నాక్స్-జాన్‌స్టన్. 312 రోజులకి, 1969 ఏప్రిల్ 22న ఫాల్మత్ చేరాడు. తన 5,000 పౌన్లు క్రోహర్స్ట్ భార్యాపిల్లలకి ఇచ్చేశాడు. ఇతని గురించి నాకు మరీ ఆప్తంగా అనిపించేది వేరే ఉంది. ఇతను బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ అధికారి. మా తీరం కూలీల్ని రంగూన్ మోసిన ఆ కంపెనీయే. బొంబాయిలో పనిచేసే రోజుల్లో, ఆ కంపెనీ ఓడల్లో ఉద్యోగం చేసుకుంటూ, మన వడ్రంగుల చేత టేకుతో 32 అడుగుల తెరచాప పడవ కట్టించుకున్నాడు. కోరిన నమూనా ఒకటైతే పోస్టులో వచ్చింది ఇంకో పాత నమూనా. దాన్నే కట్టేశారు. బాడితలు, ఉలులు, తాడుతో తిప్పే బర్మాలు, ఇవే పనిముట్లు. పడవ పేరు సుహైలీ. పందెంలో అట్లాంటిక్ నడిమధ్య అడుగు కారితే, ఒక్కడే నీళ్లలోకి మునిగి పలకల సందుల్లో దూది కూరి, పైన రాగి రేకు కొట్టి ముందుకు సాగాడు. కారిందని చెప్పుకున్నారు గానీ, మిగతా ఎనిమిది పడవల్లో ఏదీ పందెం పూర్తిచెయ్యని చోట ఆ టేకు పడవే పూర్తిచేసిందని చెప్పేటప్పుడు బొంబాయి వడ్రంగుల ఊసు ఎవరూ పెద్దగా ఎత్తరు. తాళ్లరేవులో చెక్క ఓడలు కట్టే చేతుల్ని చూసి పెరిగినవాణ్ణి గనక నేను ఎత్తుతాను.

యాభై ఏళ్లకి, 2018లో, ఆ పందెం మళ్లీ పెట్టారు. జీపీఎస్ చూడకూడదు, సెక్స్‌టంట్‌తో నక్షత్రాలు చూసి నడపాలి. మన నౌకాదళ పైలట్ అభిలాష్ టోమీ గోవాలో కట్టిన తురీయ మీద వెళ్లాడు. అది అచ్చంగా సుహైలీ నమూనా. 2013లోనే మ్హాదేయి మీద ఎక్కడా ఆగకుండా ప్రపంచం చుట్టిన మొదటి భారతీయుడు అతను. సెప్టెంబరులో దక్షిణ హిందూ మహాసముద్రపు తుపానులో తురీయ స్తంభాలు విరిగాయి, అతని వెన్నెముక దెబ్బతింది. మూడు రోజులు కదల్లేక పడుకున్న మనిషిని ఫ్రెంచి చేపల గస్తీ ఓడ ఒకటి వచ్చి తీసుకెళ్లింది. వెన్నులో టైటానియం కడ్డీలు వేశారు. మళ్లీ నడవడం నేర్చుకున్నాడు, మళ్లీ విమానం నడిపాడు. 2021లో నౌకాదళానికి రాజీనామా ఇచ్చి, 2022 సెప్టెంబరులో అదే పందేనికి ఇంకో పడవ మీద బయల్దేరాడు. 236 రోజులకి రెండోవాడిగా ఫ్రాన్స్ చేరాడు. ముందు చేరింది దక్షిణాఫ్రికా స్త్రీ కర్స్టెన్ నాయిషేఫర్.

టోమీకి తెరచాప ఉద్యోగంలోనే దొరికింది. నౌకాదళమే ఓడ ఇచ్చింది, జీతమూ ఇచ్చింది. మన ఆడపిల్లలకీ అలాగే దొరికింది. 2017 సెప్టెంబరు 10న గోవా నుంచి తారిణి మీద ప్రపంచం చుట్టడానికి వెళ్లిన ఆరుగురు నౌకాదళ అధికారుల్లో ఇద్దరు మనవాళ్లు, విశాఖపట్నం స్వాతి, హైదరాబాదు బొడ్డపాటి ఐశ్వర్య. 254 రోజులకి, 21,600 నాటికల్ మైళ్లు తిరిగి, కేప్ హార్న్ దాటి, 2018 మే 21న గోవా చేరారు. ఆ పడవా, తురీయా ఒకే గోవా యార్డులో కట్టినవి. తండేలు కొడుకు బడిపంతులైతే గొప్ప అనుకున్న తీరం నుంచి ఒకమ్మాయి జీతం తీసుకుంటూ తెరచాప పట్టింది. మా మామ్మ ఉంటే ఆ అమ్మాయి తల్లి గురించే అడిగేది.

ఇప్పుడు సముద్రానికి వందల కిలోమీటర్ల దూరంలో, హైదరాబాదు హుస్సేన్‌సాగర్‌లో, పేద కుటుంబాల పిల్లలకి చిన్న తెరచాప పడవలు నడపడం నేర్పుతున్నారు. వాళ్లలో ఎవరికీ వదులుకోవడానికి ఉద్యోగం లేదు. తెరచాప ఆట బాగా వస్తే సైన్యం, నౌకాదళం పిల్లల కోసం నడిపే క్రీడా దళాల్లో చోటు దొరకవచ్చు, అక్కణ్ణించి ఉద్యోగం రావచ్చు. ఆ పిల్లల తల్లిదండ్రులు చెరువు గట్టున నిలబడి ఎదురుచూసేది దాని కోసం. తాతయ్య మొదటి ఓడ ఎక్కిందీ అందుకే.